చలిలో కూర్చుని ఎండను కొనుక్కోవడం తప్పా?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు. జనవరి మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు, మా ఇంటి నడవలో, అవ్వ కంబళి కప్పుకుని ఫోను ముందు కూర్చున్నప్పుడు మొదలయింది.

హోసూరు చలి సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర లేదు. ఆ వారమంతా పొద్దున ప్రార్థనకు నిలబడితే మంచులో ఎదురు వరస కనబడలేదు. అవ్వ అయితే నాయన కోతి టోపీ లాక్కుని తనే పెట్టుకుంటోంది. ఆ టోపీతోనే అత్తతో మాట్లాడడానికి కూర్చుంది.

అత్త అంటే మా నాయన చెల్లెలు. ఈ బడిలోనే పది వరకు తెలుగు మీడియంలో చదివింది. తర్వాత బెంగుళూరులో నర్సింగు చదివి, తొమ్మిదేళ్ళ కింద ఇంగ్లండులోని మాంచెస్టరుకు పోయింది. మామ, ఇద్దరు పిల్లలు అక్కడే. ఆదివారం ఫోను చేయడం ఆనవాయితీ. మనకంటే వాళ్ళు చలికాలంలో అయిదున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ అప్పుడు సాయంత్రం నాలుగు గంటలు. అత్త ఫోను తిప్పి కిటికీ చూపించింది. వీధి దీపాలు వెలిగి ఉన్నాయి, అద్దం మీద వాన చారలు.

"చూడమ్మా, నాలుగింటికే రాత్రి అయిపోయింది" అంది.

"మరి తెల్లారేది ఎప్పుడు?" అని అవ్వ.

"ఎనిమిది దాటాక. నేను డ్యూటీకి పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే."

ఇంతలో అత్త చిన్న కొడుకు ల్యాప్‌టాపు ఎత్తుకుని మధ్యలోకి వచ్చాడు. దాంట్లో నీలం సముద్రం, తెల్ల ఇసుక, ఎండకు మెరిసే కొండలు. అది స్పెయిన్ దేశానికి చెందిన మయోర్కా అనే దీవి అట. ఆగస్టులో వెళ్తున్నారు. ఏడు రాత్రులు. విమానం, గది అన్నీ కలిపి అడ్వాన్సు కూడా కట్టేశారు. ఏ రోజు ఎక్కడికి పోవాలో పిల్లలు కాగితం మీద రాసుకున్నారు. ఇంకా ఏడు నెలలు ఉంది, అయినా చిన్నవాడు ఈతకళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు.

అవ్వ అంతా చూసింది. "బాగుండాది. మరి ఈడికి ఎప్పుడు వస్తారు?" అని అడిగింది.

అత్త కొంచెం ఆగి, "వచ్చే సంవత్సరం తప్పకుండా వస్తామ్మా" అంది.

ఫోను పెట్టేశాక అవ్వ కంబళి మడతపెడుతూ, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. జనవరి యాడ, ఆగస్టు యాడ!" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ రాత్రి మామూలు కంటే ముందే పడుకుంది.

నాకు బాగా కోపం వచ్చింది. అత్త వచ్చి నాలుగేళ్ళయింది. ఎండ కావాలంటే హోసూరులో లేదా? డబ్బుంటే ఎవరికో తెలియని దీవికి పోతారు, కన్నతల్లి దగ్గరకు రావడానికి వచ్చే సంవత్సరమా? అదే వారం తెలుగు సారు 'స్వార్థం' మీద వ్యాసం రాయమన్నారు. నేను రెండు పేజీలు గబగబా రాసి ఇచ్చాను. పేర్లు లేకుండా అత్త కథే. సారు చదివి ఎర్ర సిరాతో ఒకే మాట రాశారు. "ఇది తీర్పు. వ్యాసం కాదు. ముద్దాయిని ఒక్క మాటయినా అడిగావా?"

మొదట అవమానంగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే నిజమే. కాబట్టి ఇది రెండోసారి రాస్తున్న వ్యాసం.

ముందుగా ఎండ సంగతి. భూగోళం పాఠంలో భూమి ఇరుసు 23.5 డిగ్రీలు వంగి ఉంటుందని మనం అందరం రాశాం, మార్కులూ తెచ్చుకున్నాం. ఆ వంపు ఒక మనిషి ఇంట్లోకి ఎలా వస్తుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. హోసూరు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 12.7 డిగ్రీల దగ్గర ఉంది. మాంచెస్టరు 53.5 దగ్గర. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం మన సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడంటే, తొంభైలోంచి ఈ రెండూ తీసేస్తే సుమారు 54 డిగ్రీలు. అత్తకు తీసేస్తే 13 డిగ్రీలు. పదమూడు అంటే ఎదురింటి మేడ అడ్డమొస్తే అంతే సంగతి. పగలు మొత్తం ఏడున్నర గంటలు. మనకు ఆ రోజే పదకొండు గంటలు దాటి ఉంటుంది. మన చలికాలంలో చలి మాత్రమే ఉంటుంది, ఎండ ఎక్కడికీ పోదు. పది గంటలకు మిద్దె మీదకు పోతే వీపు కాగుతుంది. వాళ్ళ చలికాలంలో ఎండే ఉండదు. రెండింటికీ ఒకే పేరు పెట్టి నేను పోల్చాను. అదే నా మొదటి తప్పు.

అత్త మాత్రలు వేసుకుంటుందని కూడా అప్పుడే తెలిసింది. ఎండ తగిలితే మన చర్మం విటమిన్ డి తయారుచేసుకుంటుంది. ఆ దేశంలో చలికాలపు ఎండకు అది జరగదు. అందుకే అక్టోబరు నుంచి మార్చి దాకా రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునే ఆలోచన చేయమని అక్కడి ప్రభుత్వమే అందరికీ చెబుతుంది. మనలాంటి నల్లటి చర్మం ఉన్నవాళ్ళకు ఏడాది పొడుగునా అట. ఈ మాట చెబితే అవ్వ చాలాసేపు నవ్వింది. "ఎండను మాత్ర చేసి అమ్ముతా ఉండారా? మన మిద్దె మీద ఊరికే పడి ఉండాదే!" అంది. నవ్వు అయ్యాక, "పాపం బిడ్డ" అని మెల్లగా అంది.

అందుకని ఆ దేశంలో క్రిస్మస్ అయిపోగానే, జనవరి చీకట్లో, జనం ఎండాకాలం సెలవులకు టికెట్లు కొనుక్కుంటారు. అక్కడ ఆ వ్యాపారానికి జనవరే పెద్ద పండుగ. ఇది ధనవంతుల చాదస్తం అనుకున్నాను. చరిత్ర చూస్తే అలా లేదు. 1841 జూలై 5న థామస్ కుక్ అనే ఆయన లెస్టరు నుంచి లఫ్‌బరోకు ఒక రైలు మాట్లాడి సుమారు 500 మందిని తీసుకుపోయాడు, మనిషికి ఒక షిల్లింగు. అది మద్యపాన వ్యతిరేక సభకు! సారాయి అంగడికి పోయే మనుషులను ఒక రోజు బయటి గాలికి తీసుకుపోతే బాగుపడతారని ఆయన నమ్మకం. ఆ తర్వాత దాదాపు నూరేళ్ళకు, 1938లో, పనివాళ్ళకు ఏడాదికి ఒక వారం జీతంతో సెలవు ఇవ్వాలని అక్కడ చట్టం వచ్చింది. 1950లో వ్లదిమిర్ రైట్స్ అనే ఆయన విమానం, గుడారం, భోజనం అన్నీ ఒకే ధరలో కలిపి జనాన్ని కోర్సికా దీవి ఎండకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. దాంతో గుమాస్తాలు, బడిపంతుళ్ళు లాంటి మామూలు మనుషులకు కూడా వారం రోజుల ఎండ అందే సరుకు అయింది. అంతకు ముందు అది దొరలకే.

కాబట్టి నర్సు పని చేసే మా అత్త ఎండ కోసం డబ్బు దాచుకుంటే, అది ఎవరి దగ్గరో లాక్కున్నది కాదు. రాత్రి డ్యూటీలు చేసి సంపాదించుకున్నది. ఇంతవరకు నాకు ఒప్పుకోవడానికి కష్టం కాలేదు.

కష్టమైంది సోమలింగం దగ్గర. ఆగస్టు సుఖాన్ని జనవరిలోనే అనుభవించడం వెర్రితనం కాదా? భగవద్గీత రెండో అధ్యాయంలో శ్రీకృష్ణుడు చలి, ఎండ, సుఖం, దుఃఖం వచ్చిపోయేవని, వాటిని ఓర్చుకోమని అర్జునుడికి చెబుతాడు. మా తాత ఉన్నప్పుడు ఈ మాట చలికాలంలో మమ్మల్ని చన్నీళ్ళ స్నానానికి తోలడానికి వాడేవాడు. ఓర్చుకోవడం అంటే ఉన్నచోట ఉండి, ఉన్నదాన్నే చూడడం అని నేను అనుకునేదాన్ని. అత్త చీకట్లో కూర్చుని నీలం సముద్రం బొమ్మ చూడడం ఓర్పు కాదు, పారిపోవడం.

కానీ మా ఇంట్లోనే చూడండి. మా నాయన గులాబీ తోటలో పని చేస్తాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళకు ఈ పని తెలిసిందే. ఫిబ్రవరి 14న విదేశాల్లో ప్రేమికుల రోజుకు ఎర్ర గులాబీ కావాలి. కొమ్మ కత్తిరించాక పువ్వు రావడానికి సుమారు నెలన్నర పడుతుంది. జనవరి చివరికి, ఫిబ్రవరి మొదటి వారానికి పువ్వు కోతకు రావాలంటే డిసెంబరు నడిమిలోనే కత్తెర పడాలి. ఆ రోజుల్లో నాయన నోట్లో ఫిబ్రవరి తప్ప మరో నెల రాదు. మంచు ఎక్కువై మొగ్గ ఆలస్యమైతే దిగులు, ఎండ ఎక్కువై ముందే విచ్చుకుంటే దిగులు. అవ్వ సంగతీ అంతే. వైశాఖం ఎండలో వడియాలు పెట్టేటప్పుడు ఆమె కళ్ళ ముందు ఉండేది వానాకాలం. మా ఇంట్లో ఎవరూ ఉన్న నెలలో ఉండరు! పుట్టని కొడుక్కి పేరు పెట్టని రైతు ఉన్నాడా?

దీనికి అవ్వ ఒప్పుకోలేదు. "కత్తెర పెట్టేది పని. బొమ్మ చూసేది పనా?" అంది. తేడా ఉంది, నేను కాదనను. నాయన డిసెంబరులో చేసేది ఫిబ్రవరిని మారుస్తుంది. అత్త జనవరిలో ఎన్నిసార్లు ఆ బొమ్మ చూసినా మయోర్కా ఎండ ఒక్క డిగ్రీ పెరగదు. మరి ఆ చూడడం వల్ల ఏం మారుతుంది? నాకు తోచింది ఏమిటంటే, జనవరి మారుతుంది. నెదర్లాండ్స్ దేశంలో 1,530 మందిని అడిగి చేసిన ఒక పరిశోధన 2010లో అచ్చయింది. సెలవుకు వెళ్ళబోయేవాళ్ళు వెళ్ళకముందే మిగతావాళ్ళ కంటే ఎక్కువ సంతోషంగా ఉన్నారట. తిరిగి వచ్చాక మాత్రం చాలామందిలో, వెళ్ళినవాళ్ళకూ వెళ్ళనివాళ్ళకూ తేడా లేదట. ఇది చదివి నాకు నవ్వు వచ్చింది. అంటే డబ్బు ఏడు రాత్రులకు కడతారు, సుఖం మాత్రం ఏడు నెలలకు వస్తుంది. పెళ్ళిళ్ళలో కూడా అంతే కదా. పెళ్ళి రోజు అందరూ అలిసిపోయి, కాళ్ళు నొప్పులని కూర్చుంటారు. అసలు సంబరం చీరలు కొనే రోజుల్లోనే.

పైగా ఆ ఎదురుచూపును ఎవరూ రద్దు చేయలేరు. 2019 సెప్టెంబరులో ఆ థామస్ కుక్ పేరు మీద నడిచిన కంపెనీయే దివాలా తీసింది. విదేశాల్లో ఉన్న దాదాపు లక్షన్నర మంది బ్రిటన్ ప్రయాణికులను వాళ్ళ ప్రభుత్వం విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. మరుసటి ఏడాది కరోనా వచ్చి లోకం మొత్తం ఎండాకాలాన్ని మింగేసింది. ఆ ఏడాది జనవరిలో ఎంతమంది ఎన్ని బొమ్మలు చూసుకుని ఉంటారో. ఆగస్టు పోయింది. జనవరిలో వాళ్ళు పడిన సంతోషం మటుకు పోలేదు.

అయినా ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది నాకు నా తరగతిలోనే కనబడింది. పదో తరగతి వాళ్ళం మేము గోడ క్యాలెండరు మీద రోజులు కొట్టేస్తున్నాం. పరీక్షలు ఎప్పుడు అయిపోతాయా, సెలవులు ఎప్పుడు వస్తాయా అని. కొట్టేసిన రోజుల్లో ఏం జరిగిందో అడిగితే ఎవరికీ గుర్తు లేదు. అత్త పెద్ద కొడుకు కూడా ఇట్లనే కొట్టేస్తున్నాడట. బొమ్మ చూసి జనవరిని వెచ్చగా చేసుకోవడం ఒకటి. జనవరిని బస్టాండులా చేసుకోవడం ఇంకొకటి. ఎప్పుడు ఒకటి రెండోది అవుతుందో బయటివాళ్ళు చెప్పలేరు. అత్తకు తెలియాలి.

ఇంకో పక్షం ఉంది, దాన్ని వదలడానికి మనసొప్పలేదు. ఆ దీవిలో ఉండేవాళ్ళు. 2024లో పాల్మా అనే మయోర్కా ముఖ్య పట్టణంలో వేలమంది వీధుల్లోకి వచ్చి, ఇంతమంది ప్రయాణికులు మాకు వద్దని ఊరేగారు. ఇళ్ళన్నీ ప్రయాణికులకు అద్దెకు ఇస్తుంటే, అక్కడ పుట్టి అక్కడే పని చేసేవాళ్ళకు ఇల్లు దొరకడం లేదు, అద్దెలు కట్టలేకపోతున్నాం అని వాళ్ళ బాధ. ఒకరి ఎండ మరొకరి ఇంటి అద్దె. ఇది చదివాక ఆ నీలం బొమ్మ నాకు మొదటి మాదిరి కనబడలేదు. కానీ వెంటనే నాయన గుర్తొచ్చాడు. నాయన తెల్లవారుజామున మంచులో పోయి కోసిన పువ్వును ఏదో దేశంలో ఎవరో ఎవరికో ఇస్తారు. ముళ్ళకు గీసుకుపోయిన ఆ చేతులు వాళ్ళు చూడరు. "మీ పండుగ మా చలి" అని మనం అనవచ్చు. వాళ్ళు కొనడం మానేస్తే మా ఇంట్లో బియ్యం లేవు. మయోర్కాలో గదులు ఊడ్చే ఆమె కూడా ఇంట్లో ఇదే అనుకుంటుందేమో. ఊరేగింపులో నడిచి, మరుసటి పొద్దున పనికి పోయి ఉండవచ్చు. కొనడమే తప్పు అని నేను అనలేను. ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలియకుండా కొనడం మాత్రం నాకు నచ్చదు. అత్తకు ఆ ఊరేగింపు సంగతి పంపించాను. "చూశాను, మేము ఇల్లు కాదు, హోటలే తీసుకున్నాం" అని రాసింది. అది సరిపోయే జవాబో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక అసలు ముద్దాయి వాంగ్మూలం. సారు అడగమన్నారు కదా, అడిగాను. అవ్వ గుడికి పోయినప్పుడు నేనే ఫోను చేసి, "అత్తా, హోసూరుకు ఎందుకు రావడం లేదు?" అన్నాను.

ముందు లెక్కలు చెప్పింది. పిల్లలకు పెద్ద సెలవులు జూలై చివరి నుంచి ఆగస్టు దాకా. బడి రోజుల్లో పిల్లలను తీసుకుపోతే తల్లిదండ్రులకు జరిమానా వేస్తారు. ఆగస్టులో ఇక్కడికి వస్తే మబ్బు, తుంపర, అంటే ఒక వానలోంచి ఇంకో వానలోకి. నలుగురి టికెట్లు. ఇవన్నీ నిజమే, కానీ వీటిని చెబుతున్నప్పుడు అత్త గొంతు బ్యాంకులో మాట్లాడినట్టు ఉంది. నేను ఏమీ అనలేదు. కాసేపటికి తనే అంది.

"హోసూరుకు వస్తే అది సెలవు కాదు పాపా. దిగిన రోజు నుంచి ఒకరి ఇంటికి పోతే ఇంకొకరికి కోపం. అమ్మను ఆస్పత్రికి తీసుకుపోవాలి, పొలం కాగితాలు చూడాలి, ఎవరి కొడుక్కో అక్కడ ఉద్యోగం ఉందా అని అడిగితే జవాబు చెప్పాలి. ఇరవై రోజులూ నేను కూతురు, చెల్లెలు, నర్సు. చివరి రోజు అమ్మ గడపలో నిలబడి ఏడుస్తుంది. ఆ ఏడుపు నాకు ఆరు నెలలు ఉంటుంది. ఏడాదిలో ఒక్క వారం నేను ఎవరికీ ఏమీ కాకుండా ఎండలో పడుకోవాలి. అది తప్పా, నువ్వే చెప్పు."

నేను పదో తరగతి అమ్మాయిని. నన్ను "నువ్వే చెప్పు" అని పెద్దవాళ్ళు అడగడం అదే మొదటిసారి. తప్పు కాదు అత్తా అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మా అమ్మ కూడా అలాంటి వారం ఒకటి అడిగితే బాగుండు అనిపించింది. అమ్మ ఎప్పుడూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు. అసలు, అవ్వ పక్కనే ఉంటూ రోజుకు నేను ఆమెతో మాట్లాడేది ఎంత? అత్త ఆదివారం మాట్లాడే అరగంట కంటే ఎక్కువేమీ కాదు. ఆ లెక్క వేశాక కోపం సగం దిగిపోయింది.

మిగిలిన సగం ఎందుకు దిగలేదో రెండు రోజులు ఆలోచించాను. అత్త మయోర్కాకు పోవడం మీద కాదు నా కోపం. "వచ్చే సంవత్సరం" అనే మాట మీద. ఆ మాట నిరుడు కూడా అంది, అంతకు ముందూ అంది. మయోర్కాకు తేదీ ఉంది, సీటు ఉంది, అడ్వాన్సు ఉంది, ఏ రోజు ఏం చూడాలో కాగితం ఉంది. అవ్వకు వచ్చే సంవత్సరం ఉంది. ఎదురుచూడడంలోనే సుఖం ఉందని డచ్చివాళ్ళు కనిపెట్టారు సరే, కానీ తేదీ ఉంటేనే అది సుఖం. తేదీ లేని ఎదురుచూపు అవ్వ చేసేది. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఆ రెండింటికీ తేడా మనకంటే బాగా తెలుసు. అత్త పిల్లలకు ఏడు నెలల సంతోషం ముందుగానే ఇచ్చింది. అవ్వకు ఇవ్వడానికి కూడా అదే ఉంది, ఒక తేదీ. అది రెండేళ్ళ తర్వాతదైనా సరే. లేదా "రాలేనమ్మా" అని చెప్పాలి. అది కూడా తేదీ లాంటిదే, మనిషి దాని మీద కాలు మోపి నిలబడవచ్చు.

ఇదంతా అత్తకు రాసి పంపాను. పంపేముందు అవ్వను అడగలేదు, అది సరికాదేమో. రెండు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. మూడు రోజులు నాకు భయంగానే ఉంది, చిన్నదాన్ని పెద్దవాళ్ళకు బుద్ధి చెప్పానేమో అని. నాయనకు చెబితే కత్తెరకు సాన పెడుతూ విన్నాడు, "రాసినావు కదా, ఇంక ఊరికే ఉండు" అన్నాడు.

అవ్వకు మాత్రం ఒక రాత్రి అత్త చెప్పిన మాట చెప్పేశాను, ఎవరికీ ఏమీ కాకుండా ఒక వారం ఎండలో పడుకోవాలన్నది. ఏడుస్తుందేమో అనుకున్నాను. అవ్వ అడిగింది ఒకటే. "ఆ దీవిలో వంట ఎవరు చేస్తారు?" హోటలు వాళ్ళే చేస్తారవ్వా అన్నాను. "అయితే పోయి రానీ. దాని మొహం చూసినావా ఆ రోజు, వానలో తడిసిన కాగితం మాదిరి ఉండాది. నేను పోతే ఎవరు తోలుకుపోతారు నన్ను అట్లాంటి దానికి?" అని, ఆ బొమ్మ ఇంకోసారి చూపించమంది. చాలాసేపు చూసింది. ఆ నీళ్ళు మన మహాబలిపురం నీళ్ళంత ఉప్పగా ఉంటాయా అని అడిగింది. రెండు పేజీల తీర్పు రాసింది నేను. బాధపడవలసిన మనిషికి అంత తీర్పు అవసరం పడలేదు.

ఇది రాస్తున్నది జనవరి ఆఖరి వారం. నాయన తోటలో కోత మొదలయింది, రాత్రి పదికి గాని ఇంటికి రావడం లేదు. నిన్న అత్త దగ్గర నుంచి ఒక మెసేజి వచ్చింది. నేను రాసిన పొడుగు ఉత్తరం గురించి ఒక్క ముక్క లేదు. "ఏప్రిల్ మొదటి పక్షానికి మన పక్క మామిడికాయలు ఉంటాయా?" అని ఉంది అంతే. ఈస్టరుకు వాళ్ళ పిల్లలకు రెండు వారాలు సెలవులుంటాయని నాకు తెలుసు. నాయనను అడిగితే, పండ్లు ఇంకా రావు, పచ్చికాయలు అయితే సంతకు వస్తాయి అన్నాడు. అదే రాశాను. "పండ్లు లేవత్తా. ఊరగాయకు కాయలు ఉంటాయి. అవ్వ ఈసారి జాడీ పెద్దది కొనమంటోంది."

అవ్వ అలా అనలేదు. రేపు సంతలో నేనే కొనిపిస్తాను.